ఏడో సీసాలో నీళ్ళు

గత వారం సీసాలమ్మను కంప్యూటర్ ముందు వదిలేసి వచ్చాం. మరిచిపోయినవాళ్ళుంటే నాలుగు ముక్కల్లో గుర్తు చేసి ముందుకు పోతాను. ఈ వారం ఆమెకు తీరిక లేదు, మనకూ లేదు.

ఊరి నీళ్ళలోని బాక్టీరియా జన్యువులు చదవడం ఆమె పని. మందు వేసినా చావని రకం ఎక్కడ పుడుతోంది, ఏ కాలువలో పడి ఎవరి ఇంటికి చేరుతోంది అన్నదంతా ఆ జన్యువుల్లో రాసి ఉంటుంది, చదవడం వచ్చినవాళ్ళకి. నెలకోసారి ల్యాబుకి ఏడు సీసాలు వస్తాయి. మందుల ఫ్యాక్టరీ తూము దగ్గర ఒకటి, ఆసుపత్రి మురుగు కలిసే చోట ఒకటి, కాలువ వంతెన కింద, రిజర్వాయరులో, ఫిల్టర్ హౌసులో, బజారు కుళాయి దగ్గర తలా ఒకటి. ఏడోది ఊరి నీళ్ళది కాదు. ల్యాబు స్టోర్ రూములో ఉండే పరిశుద్ధమైన నీళ్ళు నింపి, మిగతా ఆరింటితో పాటు ఊరంతా తిప్పి వెనక్కి తెచ్చే సీసా అది. అందులో ఏదైనా కనిపించిందంటే అది ఊరిది కాదు, మన చేతుల మురికి, మన డబ్బాల మురికి. అందుకని ఏడో సీసాలో కనిపించిన జన్యువు ఏదైనా సరే, మిగతా ఆరింటిలోంచీ కొట్టేస్తారు. కంప్యూటరుకి ఆ కొట్టివేత నేర్పింది సీసాలమ్మే. చీటీలు తనే రాయాలి, మూతలు తనే చూసుకోవాలి అని అందరి ప్రాణాలూ తోడేస్తుంది గనకే ల్యాబులో ఆమెకు ఆ పేరు పడింది.

రెండేళ్ళుగా రిపోర్టుల్లో ఒకటే పాట. మందులకు లొంగని రకం జాడ లేదు, నీళ్ళు సురక్షితం. ఆ మాట పట్టుకుని సోమవారం నుంచి అవే నీళ్ళు ఇంకో మూడు కాలనీలకు వదలబోతున్నారు. ఆఖరి రిపోర్టు మీద ఆమె సంతకం ఒక్కటే మిగిలింది. తీరా ఇప్పుడు, ఏం బుద్ధి పుట్టిందో గాని, డాక్టర్లు ఇంకేదీ పని చేయనప్పుడు వాడే ఆఖరి మందును పళ్ళెంలో కలిపి, దాని మీద ఏడో సీసా నీళ్ళు పోసి చూసింది. ఏమీ మొలవకూడని పళ్ళెం నిండా మొలిచింది. మొలిచినదాని జన్యుక్రమం మొత్తం చదివి, ఆసుపత్రి పంపిన రోగుల శాంపిళ్ళలో దొరికిన రకాల జాబితాతో పోల్చింది. ఒక్క నంబరుతో అతికినట్టు సరిపోయింది. యాభై లక్షల అక్షరాల్లో తేడా నాలుగంటే నాలుగు. ఆ నంబరు ఎవరిదో ఆమె ఎవరినీ అడగక్కర్లేదు. ఆ శాంపిల్ ల్యాబుకి వచ్చిన రోజు దాని మీద చీటీ రాసింది తనే. నాలుగు నెలల కిందట చనిపోయిన ఆమె పిన్నిది.

అక్కడ ఆగాం. ఇప్పుడు మధ్యాహ్నం రెండు. నాలుగింటికల్లా సంతకం కావాలని ల్యాబు పెద్దసారు పొద్దున్నుంచీ రెండుసార్లు గుర్తు చేశారు.

ఏడు సీసాలూ తెచ్చేది ల్యాబు వ్యాను డ్రైవరు. ఆ డ్రైవరు ఎవరో కాదు, పిన్ని భర్త, సీసాలమ్మకు సొంత బాబాయ్. కన్నవాళ్ళిద్దరూ పోయాక ఏడేళ్ళ పిల్లను చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చుకున్న మనిషి. పిన్ని రాత్రనకా పగలనకా బట్టలు కుట్టి, ఆయన ఎండనకా వాననకా వ్యాను తోలి, ఆమెను ఇంత చదువు చదివించారు. ఆ చదువు పెట్టుకుని ఆయన్నే నిలదీయడానికి ఆమె బస్సెక్కింది. ఇదీ మన చదువుల భాగ్యం.

బస్సులో కూర్చున్నంతసేపూ కోపాన్ని ఎగదోసుకుంటూనే ఉంది. ఆయన ఏం చేశాడో ఇంకా పూర్తిగా తెలీదు. చేసింది ఆయనే అయ్యుండాలని మాత్రం గట్టిగా అనుకుంది. ఏడో సీసాలో పోసినవి స్టోర్ రూము నీళ్ళు కావు, అంతవరకు ఖాయం. మరెవరి పనైనా అయితే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలిసేది కాదు.

బాబాయ్ పెరట్లో సీసాలు పెట్టే ఐసు పెట్టె కడుగుతున్నాడు. మధ్యాహ్నం పూట వచ్చిందేమిటని అడగలేదు, తిన్నావా అని అడిగాడు. తిన్నానంది. మొహం చూస్తే అబద్ధమని తెలిసిపోతూనే ఉంది, అయినా రెట్టించలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని ముందు గదిలోకి తీసుకెళ్ళాడు. గదిలో సగం చోటు పిన్ని కుట్టు మిషనుదే. దాని మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద తన కళ్ళజోడూ వ్యాను తాళాలూ పెట్టుకున్నాడు. కూర్చోవాలంటే ఇప్పటికీ ఆ మిషను చుట్టూ తిరిగి వెళ్ళాలి.

ఆ మిషను సూదే పిన్ని చూపుడు వేలిలో దిగింది. అంతకు మించి ఏమీ జరగలేదు. బట్టలు కుట్టేవాళ్ళకి ఇది లెక్కలోకి రాని దెబ్బ, నోట్లో పెట్టుకుని చీకి, గుడ్డ పీలిక చుట్టుకుని మళ్ళీ పనిలో పడిపోతారు. పదో రోజుకి చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది. ఆసుపత్రిలో ఐదు రకాల మందులు మార్చారు. ఇరవై రెండో రోజుకి మనిషే లేదు. సూది గుచ్చుకుంటే మనుషులు చచ్చిపోతారా అని ఇరుగుపొరుగు వారాల తరబడి బుగ్గలు నొక్కుకున్నారు.

సీసాలమ్మ డొంకతిరుగుడు పెట్టుకోలేదు.

"బాబాయ్, ఏడో సీసాలో నీళ్ళు ఎక్కడ పడతావు?"

"ఎక్కడేమిటమ్మా, మన పెరటి కుళాయి దగ్గరే" అన్నాడాయన, ఊరి పేరు అడిగితే చెప్పినంత తేలిగ్గా.

దాని వెనక పెద్ద కథేమీ లేదు. సీసాలన్నీ తెల్లారక ముందే, ఫ్యాక్టరీ తెరవక ముందే పట్టాలని పెద్దసారు ఆర్డరు. స్టోర్ రూము తాళం గుమస్తా దగ్గర ఉంటుంది, ఆ మహానుభావుడు వచ్చేది తొమ్మిదింటికి. మొదటి రెండు నెలలూ బాబాయ్ ముందు రోజే నీళ్ళు పట్టి ఉంచుకున్నాడు. నిలవ నీళ్ళు పనికిరావు, ఆ పొద్దున పట్టినవే కావాలని పెద్దసారు ఆఫీసంతా వినబడేలా చివాట్లు పెట్టారు. తొమ్మిదింటికి తెరిచే గదిలోంచి ఐదింటికి నీళ్ళు ఎలా తేవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. తాళం చెవి ఒకటి ఇప్పించమని బాబాయ్ అడిగితే, డ్రైవరుకి స్టోరు తాళమా అని గుమస్తా నవ్వాడట. అప్పట్నుంచీ ఇంట్లోనే పట్టుకుంటున్నాడు. ఊరికే పట్టడం కాదు, నేర్పినట్టే సీసా మూడుసార్లు తొలిచి, కుళాయి కాసేపు వదిలేసి, అప్పుడు పట్టేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

సీసాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. అనకూడనివి కూడా అనేసింది. ఇరవై రెండు నెలల పని బూడిదలో పోశావంది. అర్థం కాకపోతే అడిగి తెలుసుకోవాలి గాని సొంత తెలివి చూపించడానికి నువ్వెవరివంది. ఏడేళ్ళప్పటి నుంచి ఆయన అన్నం తిన్న నోటితోనే అంది. బాబాయ్ అన్నీ విన్నాడు. విని, లేచి, లోపలి గదిలో బీరువా తలుపు తెరిచి ఆమెను రమ్మన్నాడు. తలుపు లోపలి వైపు పేపరు ముక్క ఒకటి అంటించి ఉంది. పోయిన ఏడాదిది. నీళ్ళ సీసా ఒకటి పైకెత్తి పట్టుకుని సీసాలమ్మ నవ్వుతున్న ఫోటో, కింద 'మన కుళాయి నీళ్ళు సురక్షితం' అని పెద్దక్షరాలు. పిన్ని అంటించింది.

"మంచినీళ్ళే కదమ్మా పట్టాను. మంచివని మీరే గదా రాసిచ్చారు."

ఆమె అక్కడే మంచం మీద కూలబడింది. ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు, అదే ఇంకా ప్రాణం తీసింది. ల్యాబు మంచివని చెప్పింది గనక ఆయన కుళాయి నీళ్ళు పట్టాడు. ఆయన కుళాయి నీళ్ళు పట్టాడు గనక, ఆ నీళ్ళలో ఉన్న పాడు జన్యువు ఏడో సీసాలోకి వచ్చింది. ఏడో సీసాలోకి వచ్చింది గనక కంప్యూటరు దాన్ని ఫ్యాక్టరీ తూములోంచీ, వంతెన కిందినుంచీ, బజారు కుళాయిలోంచీ తుడిచిపెట్టేసింది. తుడిచేశాక మిగిలిన కాగితం చూసి ల్యాబు మళ్ళీ మంచివని చెప్పింది. నెలనెలా ఇదే తంతు. ఏ నెలా ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే ప్రతి నెలా శుభవార్తే వచ్చింది.

బాబాయ్‌కి ఇదంతా చెప్పింది. ఆయనకు చదువు లేదనేగాని బుర్ర లేదనడానికి వీల్లేదు, మధ్యలో ఒక్క ప్రశ్నా వేయకుండా విన్నాడు. పిన్ని సంగతి చెప్పకూడదనే వచ్చింది. కాని ఆమె సంచీలోంచి బయటికి కనిపిస్తున్న కాగితం మీదే ఆయన చూపు ఉంది. నెలనెలా ఆయన తెచ్చిన సీసాలకు ఆమె ఎప్పుడూ ఇంటికొచ్చి సంజాయిషీ అడిగింది లేదు. ఇంకేదో ఉందని గ్రహించాడు. అడిగితే నీళ్ళు నమిలింది. రెండోసారి అడిగాడు. చెప్పేసింది.

తువ్వాలు మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు.

"ఆ వేలు నేనే కడిగాను" అన్నాడు చివరికి. "రోజుకి మూడుసార్లు, ఆ కుళాయి కిందే. నొప్పి అనేది. చల్లటి నీళ్ళు పడితే లాగేస్తుందిలే అనేవాణ్ణి."

నీళ్ళలోంచే వేలిలోకి పోయిందని ఖాయంగా చెప్పలేమని ఆమె గబగబా అంది. ఆసుపత్రిలో అంటుకుని ఉండొచ్చు, ఇంకెక్కడినుంచైనా వచ్చి ఉండొచ్చు, రెండు చోట్లా ఉన్నది ఒకే రకం అన్నంతవరకే కాగితం చెబుతుంది అని వివరించింది. అందులో అబద్ధం లేదు. ఆ నిజం ఎవరికీ ఊరట మాత్రం ఇవ్వలేదు.

"ఈ నీళ్ళలో ఎప్పట్నుంచి ఉందది?" అని అడిగాడు.

ఆ ప్రశ్న వస్తుందని ఆమె భయపడుతూనే ఉంది. పాత నెలలవి కూడా పొద్దున్నే తిరగేసి చూసింది. పిన్నికి సూది గుచ్చుకోవడానికి ఏడాదికి పైనుంచే ఉంది. కంప్యూటరు దాన్ని ప్రతి నెలా పట్టుకుంది, ప్రతి నెలా ఆమె నేర్పిన ప్రకారమే అవతల పారేసింది. చెప్పక తప్పలేదు, చెప్పింది. చెప్పాక ఆ బరువు ఒక్కర్తే మోయలేక మళ్ళీ ఆయన మీదికే తోసింది.

"అయినా నాకొక్క మాట చెప్పాలి కదా బాబాయ్. ఇంటి నీళ్ళు పడుతున్నానని ఒక్క మాట. అప్పుడే ఆపించేదాన్ని."

ఆయన ఆమె వంక వింతగా చూశాడు.

"చెప్పాను కదమ్మా."

ఎప్పుడు చెప్పాడో కూడా చెప్పాడు. పెద్దసారు చివాట్లు పెట్టిన వారమే, ఆదివారం, ఈ ముందు గదిలోనే. పిన్ని మిషను మీద ఏదో అంచు కుడుతోంది. సీసాలమ్మ గోడకి చేరగిలబడి ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని టకటకా కొడుతోంది. స్టోరు తెరవరు, పొద్దున పూట ఇంటి కుళాయి నీళ్ళు పట్టేస్తున్నాను, ఫరవాలేదా చిట్టీ అని ఆయన అడిగాడు. తల ఎత్తకుండానే, శుభ్రమైన నీళ్ళైతే చాలు బాబాయ్ అంది. పనిలో ఉన్న పిల్లను విసిగించకండి అని పిన్ని ఆయన మీదే కసిరింది.

సీసాలమ్మకు ఆ మాటలు గుర్తు లేవు. ఆ ఆదివారం మాత్రం బాగా గుర్తుంది. ఆ రోజు ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నది ఆ కొట్టివేత ప్రోగ్రామే. తెల్లారేసరికి ముగించాలని పంతం పట్టి కూర్చుంది. ఎవరేం అడిగినా ఊఁ కొట్టే ఉంటుంది. మూత సరిగ్గా బిగించలేదని జూనియర్లను ఏడిపించే మనిషి, ఏడో సీసాలో ఏం పోస్తున్నారో ఇంటి మనిషి అడిగి మరీ చెబితే చెవిన పెట్టలేదు. లేచి పెరట్లోకి పోయి, మొహం కడుక్కుందామని కుళాయి తిప్పబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడే పెద్దసారు ఫోన్ చేశారు. మూడు దాటింది, సంతకం సంగతేమిటన్నారు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది, బాబాయ్ తనకు ముందే చెప్పాడన్న ఆ ఒక్క ముక్క తప్ప. పెద్దసారు అరవలేదు. ఆయన తెలివైనవాడు, అరిచే సమయం కాదని ఆయనకు తెలుసు. నెమ్మదిగా, చిలక్కి చెప్పినట్టు చెప్పారు. తప్పు డ్రైవరుదని తేలితే రిపోర్టు ఆపొచ్చు, సోమవారం నీళ్ళు కూడా ఆపించొచ్చు, మీరు కనిపెట్టింది నలుగురూ నమ్ముతారు. తప్పు ల్యాబుదని తేలిందా, రెండేళ్ళ పనీ, ఇవాళ మీరు కనిపెట్టిన దానితో సహా చెత్తబుట్టలోకి పోతుంది, నీళ్ళు మాత్రం మూడు కాలనీలకూ నిక్షేపంగా పోతాయి. ఏది కావాలో మీరే ఆలోచించుకోండి, నాలుగింటికి కాగితం రెడీగా ఉంటుంది అన్నారు.

బాబాయ్ గుమ్మంలో నిలబడి ఆమె మొహం చూస్తున్నాడు. ఏమన్నారని అడిగాడు. చెప్పింది. దాచడానికి ఇంక ఓపిక లేదు. ఆయన పెద్దగా ఆలోచించలేదు కూడా. చొక్కా మార్చుకొస్తాను పద అన్నాడు.

"నా పేరే రాయించు చిట్టీ. నీళ్ళు ఆగాలి, అంతే గదా. నీకు చెప్పానని నా నోటి వెంట రాదు." గుండీలు పెట్టుకుంటూనే మళ్ళీ అన్నాడు. "పొరపాటు చేశాడని రాయించు. తెలీక చేశాడని రాయించు. దాచాడని మాత్రం అనకు. మీ పిన్ని దగ్గర గాని నీ దగ్గర గాని నేను ఏదీ దాచలేదు."

అలాగే అంది. తల కూడా ఊపింది. ఆ క్షణాన నిజంగానే అలా చేద్దామనుకుంది, ఆమెకు నేను అన్యాయం చేయను.

ఇద్దరూ వ్యానులో బయల్దేరారు. ల్యాబు దగ్గర ఆమెను దింపి, బండి పక్కన పెట్టి వస్తానన్నాడు. ఆమె ఒక్కర్తే మెట్లెక్కి పెద్దసారు గదిలోకి పోయింది. బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది, టైపు చేసి మధ్యలో ఖాళీలు వదిలారు. పెద్దసారు కళ్ళజోడు సవరించుకుని కలం తీశారు. నీళ్ళు పట్టినది ఎవరు, ఎక్కడ, ఎన్ని నెలల పాటు అని అడుగుతూ ఒక్కొక్క ఖాళీ నింపుకుంటూ పోయారు. పొరపాటు అని రాయమంది, రాశారు. అవగాహన లేక అని రాయమంది, అదీ రాశారు. మొదట్నుంచీ ఈ మనిషికి ఎందుకు భయపడ్డానా అని కూడా అనిపించిందామెకు.

తరవాత ఆయన కలం ఆపి తలెత్తారు.

"ఇరవై రెండు నెలలు. సొంత బాబాయ్. మీతో ఒక్కసారైనా అనలేదా?"

"లేదు సర్."

"విచారణ కమిటీలో మొట్టమొదట అడిగేది ఇదేనమ్మా. ఒకే ఇంటి మనుషులు, ఆమెకు తెలీకుండా ఎలా ఉంటుందంటారు. అప్పుడు మీ కాగితాన్ని ఎవరూ ముట్టుకోరు. ఏం రాయమంటారు?"

కిటికీలోంచి కింద వ్యాను కనిపిస్తోంది. సీసాలమ్మ మూడు కాలనీల గురించి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. కాని కమిటీ, ఎదురుగా వరసగా కుర్చీలు, ఆ పేపరు ఫోటో, ఇన్నేళ్ళ తన పేరు, అవి కూడా అదే ఊపులో కళ్ళ ముందుకొచ్చాయి. వేటి కోసం నోరు తెరిచిందో ఆమెకే తెలీదు.

"దాచాడు సర్" అంది. ఆయనకు చాలలేదేమోనని ఇంకో మాట కూడా కలిపింది. "కావాలనే దాచాడు."

పెద్దసారు రాసుకున్నారు. రాసుకుని, ఆమె భుజం మీదుగా తలుపు వైపు చూసి, లోపలికి రావయ్యా అన్నారు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో బాబాయ్. మార్చుకున్న చొక్కా మీద ఇస్త్రీ మడతలు అలాగే ఉన్నాయి. వ్యాను తాళాలు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె వైపు చూడలేదు.

"మేడం చెప్పింది విన్నావుగా. రెండేళ్ళుగా కావాలనే దాచావట. నిజమేనా?"

ఔననడానికే ఆయన వచ్చాడు. ఔనన్న మాట గొంతు దాకా వచ్చి ఉంటుంది కూడా.

"ఆ ఆదివారం మా ముందు గదిలో ముగ్గురం ఉన్నాం సార్" అన్నాడు. "ఒకామె పోయింది. మిగిలింది నేనూ, మీ మేడం. దాచింది ఎవరో, మా ఇద్దర్లో ఎవర్నడుగుతారో మీ ఇష్టం."

పెద్దసారు కలానికి మూత పెట్టారు. కాగితాన్ని మెల్లగా తన వైపు లాక్కున్నారు. అడగాల్సింది బాబాయ్‌ని, కాని ఆయన తిరిగింది సీసాలమ్మ వైపు.

"ఏ ఆదివారం?" అన్నారు.